సోడియం తీసేసినా గ్లుటమేట్ లోపలికి పోతోందా? సీ6 కణాల్లో అప్‌టేక్ లెక్క కుదరట్లేదు

పెన్న_ఒడ్డు (అనంతపురం)

అందరికీ నమస్తే. సీ6 కణాలు (ఎలుక మెదడు గడ్డ నుంచి వచ్చిన గ్లియా, అంటే న్యూరాన్లకి తోడుండే రకం కణాలు) గ్లుటమేట్‌ని (న్యూరాన్ల సంకేత రసాయనం) ఎంత వేగంగా లాక్కుంటాయో కొలవాలి. ఆ తర్వాత సరస్వతి ఆకు సారం 24 గంటలు పెట్టి చూస్తే ఆ వేగం పెరుగుతుందా అన్నది అసలు ప్రశ్న. సారం దాకా పోనేలేదు, కంట్రోళ్ల (పోల్చుకోడానికి పెట్టే వెల్స్) దగ్గరే ఆగిపోయింది పని.

పద్ధతి ఇది. 24 వెల్ ప్లేటులో కణాలు నిండుగా పరుచుకున్నాక మీడియం తీసేసి, బఫర్‌తో రెండుసార్లు కడిగి, 100 మైక్రోమోలార్ ఎల్-గ్లుటమేట్ ఉన్న బఫర్ వెల్‌కి 250 మైక్రోలీటర్లు పోస్తాం. 37 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. ఆపైన ద్రవం తీసి, అందులో మిగిలిన గ్లుటమేట్‌ని గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్‌తో కొలుస్తాం, ఆ చర్యలో పుట్టే ఎన్ఏడీహెచ్‌ని 340 నానోమీటర్ల దగ్గర చూసి. 100లోంచి మిగిలింది తీసేస్తే లోపలికి పోయిందని లెక్క. రేడియో లేబుల్ (గ్లుటమేట్‌కి రేడియోధార్మిక గుర్తు కట్టి కొలిచే) సౌకర్యం లేదు.

మిగిలిన గ్లుటమేట్, మైక్రోమోలార్లలో:

మామూలు బఫర్: 65
సోడియం లేని బఫర్ (కోలిన్ క్లోరైడ్ వేసి): 86
మామూలు బఫర్ + 100 మైక్రోమోలార్ డైహైడ్రోకైనేట్: 65
ఐసు మీద ప్లేటు: 85

మామూలుగా 35 పోతుంటే సోడియం లేకుండా కూడా 14 పోతోంది. అంటే 40% సోడియంతో పని లేకుండానే జరుగుతోందనుకోవాలా? ఐసు మీద కూడా ఎందుకు పోతోంది? డైహైడ్రోకైనేట్ జీఎల్‌టీ-1ని (గ్లుటమేట్‌ని కణంలోకి మోసే ట్రాన్స్‌పోర్టర్ ప్రొటీన్లలో ఒకటి) ఆపుతుందని అన్నిచోట్లా ఉంది, ఇక్కడ వీసమెత్తు తేడా లేదు. మందు పాడయిందా? ఇంకొకటి, కడిగేటప్పుడు కణాలు అంచుల దగ్గర పొరలాగా లేచి వస్తున్నాయి, వెల్‌కీ వెల్‌కీ ప్రొటీన్ తేడా వస్తోంది.


కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

మందు పాడవలేదప్పా. అది మూయాల్సిన తలుపు మీ కణాల్లో లేదు, అంతే.

గ్లుటమేట్ ట్రాన్స్‌పోర్టర్లలో మూడు ముఖ్యం, మూడింటినీ 1992లోనే క్లోన్ చేశారు: గ్లాస్ట్ (ఈఏఏటీ1), జీఎల్‌టీ-1 (ఈఏఏటీ2), ఈఏఏసీ1 (ఈఏఏటీ3). పెద్ద ఎలుక ముందు మెదడులో గ్లుటమేట్ లాగే పని దాదాపు 90% జీఎల్‌టీ-1ది. చిన్న మెదడులో బెర్గ్‌మాన్ గ్లియా దగ్గర గ్లాస్ట్‌ది పైచేయి. ఈఏఏసీ1 ప్రధానంగా న్యూరాన్ల సరుకు. సీ6ని గ్లియా లైన్ అంటాం కానీ అది 1968లో వచ్చిన ట్యూమర్ లైన్, నైట్రోసోమిథైల్‌యూరియా ఇచ్చిన ఎలుకల మెదడు గడ్డ నుంచి తీసింది. దాంట్లో గ్లుటమేట్ ఎక్కువగా ఈఏఏసీ1 గుండా పోతుంది. జీఎల్‌టీ-1 లెక్కలోకి రానంత తక్కువ. డైహైడ్రోకైనేట్‌కి ఈఏఏసీ1 మీద గానీ గ్లాస్ట్ మీద గానీ మిల్లీమోలార్లలో పోస్తే తప్ప పట్టు ఉండదు.

పోనీ జీఎల్‌టీ-1 ఉందనే అనుకుందాం. అప్పుడు కూడా మీరు వేసిన మోతాదుకి పూర్తిగా ఆగదు. జీఎల్‌టీ-1 మీద దాని కేఐ (మందు పట్టు ఎంతో చెప్పే గాఢత, తక్కువైతే పట్టు ఎక్కువ) సుమారు 23 మైక్రోమోలార్. అది గ్లుటమేట్‌తో పోటీపడి ఆపే మందు. గ్లుటమేట్ కేఎం (వేగం గరిష్ఠంలో సగానికి వచ్చే గాఢత) 20 అనుకుంటే, 100 మైక్రోమోలార్ గ్లుటమేట్ ఎదురుగా ఉన్నప్పుడు సగం ఆపడానికి కావలసింది 23 × (1 + 100/20), అంటే 138 మైక్రోమోలార్. మీరు పోసింది 100. 42% ఆగితే గొప్ప. ఇట్లాంటి మందులతో పని చేసేటప్పుడు గ్లుటమేట్‌ని కేఎం దగ్గరికో ఇంకా కిందికో దించాలి. 10 మైక్రోమోలార్ గ్లుటమేట్‌కి 300 డైహైడ్రోకైనేట్ పెడితే చూపేది చూపుతుంది.

సీ6లో మీకు కావలసిన ఆపుడు మందు టీబీఓఏ. ఈఏఏటీలన్నిటినీ ఆపుతుంది, తాను మాత్రం లోపలికి పోదు. ఆ రెండో గుణం మీ పద్ధతికి ప్రాణం. త్రియో-హైడ్రాక్సీఆస్పార్టేట్ లాంటిది వేస్తే అది గ్లుటమేట్ బదులు తానే లోపలికి ఎక్కి, లోపలి గ్లుటమేట్‌ని బయటికి తోస్తుంది. బయట మిగిలింది కొలిచే మీకు అది ఆపిందా, తోడిందా ఎట్లా తెలుస్తుంది?

ఇక సోడియం లేకుండా పోయిన 40%. అది సిస్టమ్ ఎక్స్‌సీ అయివుంటుందని నా అనుమానం. సిస్టిన్‌ని లోపలికి తెచ్చి గ్లుటమేట్‌ని బయటికి పంపే మార్పిడి యంత్రం అది. సోడియంతో పనిలేదు, గ్లుటమేట్‌ని లోపలికి కూడా తీసుకుంటుంది, గడ్డ కణాల్లో బాగా ఉంటుంది. సల్ఫాసలాజిన్ 250 మైక్రోమోలార్ వేసి ఆ 14 తగ్గుతుందేమో చూడండి.


గండికోట_గ్లియా (కడప)

బురుజు అన్న మొదటి సగంతో ఏకీభవిస్తా. రెండో సగంతో కాదు. సిస్టమ్ ఎక్స్‌సీ ఒకటి లోపలికి తేవాలంటే ఒకటి బయటికి పంపాలి. బయట సిస్టిన్ లేని సాదా బఫర్‌లో అది గ్లుటమేట్ తీసుకుంటే, బదులు ఇచ్చేదీ ఎక్కువగా గ్లుటమేటే. ఒకటి వచ్చింది, ఒకటి పోయింది. రేడియో లేబుల్ పెట్టినవాళ్లకి ఆ మార్పిడి లోపల చేరిన కౌంటుగా కనిపిస్తుంది, నిజమే. బయట మిగిలిందాన్ని కొలిచేవాళ్లకి నికరంగా ఏమీ తగ్గదు. కాబట్టి ఆ 14ని దాని నెత్తిన రుద్దలేం.

పైగా ఐసు మీద 85 వచ్చింది చూడండి. సున్నా డిగ్రీల దగ్గర ఏ ట్రాన్స్‌పోర్టరూ అరగంటలో అంత లాగదు. సోడియం లేనిచోట 86, వేడి లేనిచోట 85. రెండు వేరువేరు కారణాలతో పని ఆపితే ఒకే అంకె వస్తోందంటే అది కణాల పని కాదు, పిపెట్ పని.

వెల్ కడిగి ద్రవం లాగేశాక అడుగున ఎంత మిగులుతుందో ఎప్పుడైనా తూచారా? ఖాళీ ప్లేటు తూకం వేసి, 24 వెల్స్‌లో బఫర్ పోసి, మామూలుగా లాగేసి, మళ్లీ తూచండి. వచ్చిన తేడాని 24తో భాగించండి. మీద కణాలుంటే ఇంకొంచెం ఎక్కువే పట్టుకుంటుంది, అంచు వెంబడి చంద్రవంక లాగా నిలబడే నీరు కదా. వెల్‌కి 40 మైక్రోలీటర్లు మిగిలాయనుకోండి. దాని మీద మీరు పోసే 250లో గ్లుటమేట్ 100 మైక్రోమోలార్. కలిసేసరికి 100 × 250/290 = 86. కణం ఒక్క అణువు ముట్టకముందే 14 మాయం.

మీ సోడియం లేని వెల్ సరిగ్గా 86. నాకైతే ఇంకేం వెతకాల్సిన పని కనిపించడం లేదు.

దీనికి విరుగుడు: ప్రతి ప్లేటులో కణాలు లేని వెల్స్ మూడైనా ఉంచండి. వాటికీ అదే మీడియం, అదే కడుగుడు, అదే లాగుడు, అదే 30 నిమిషాలు. మొదలు అంకె 100 కాదు, ఆ వెల్స్‌లో వచ్చిందే. అట్లా చూస్తే మీ కణాలు లాక్కున్నది 86 − 65 = 21 మైక్రోమోలార్, వెల్‌లో మొత్తం ద్రవం 290 మైక్రోలీటర్లు, అంటే 6.1 నానోమోల్. వెల్‌కి ప్రొటీన్ 0.1 మిల్లీగ్రాము ఉంటే నిమిషానికి మిల్లీగ్రాముకి 2 నానోమోల్. నమ్మదగిన అంకే. ఘనపరిమాణం 250 అని వేసి, తగ్గింది 35 అని వేస్తే 8.75 నానోమోల్ వచ్చేది, 40 శాతానికి పైగా ఎక్కువ చూపించేది.

మిగులు తగ్గించాలంటే ప్లేటుని వాల్చి, సన్నటి టిప్‌ని అంచుకి ఆనించి రెండోసారి లాగండి. కానీ పూర్తిగా ఎండనివ్వొద్దు. వేసవిలో అనంతపురం గాలికి, ఫ్యాన్ కింద, కడిగిన మొదటి వెల్ 24వ వెల్ దాకా పోయేసరికి పొడారిపోతుంది. ఎండిన కణం పైపొర చిల్లులు పడి లోపలి గ్లుటమేట్ బయటికి కారుతుంది. అప్పుడు ఆ వెల్‌లో అప్‌టేక్ తక్కువ చూపిస్తుంది, మీరు మందు పనిచేసిందనుకుంటారు. ఆరు వెల్స్ లాగడం, ఆరు వెల్స్ పోయడం, అట్లా చేయండి.


తుంగభద్ర_24వెల్ (కర్నూలు)

కొలిచే పద్ధతి గురించి ఎవరూ ఎత్తలేదు. అసలు నొప్పి అక్కడుంది.

50 మైక్రోలీటర్ల శాంపిల్‌ని 200 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో వేస్తే గ్లుటమేట్ నాలుగోవంతు అవుతుంది. 86 కాస్తా 21.5 అవుతుంది, 65 కాస్తా 16.25. ఎన్ఏడీహెచ్ మోలార్ శోషణ 6220. 96 వెల్ ప్లేటులో 200 మైక్రోలీటర్లకి కాంతి దారి 0.6 సెంటీమీటర్ల దగ్గర. లెక్కేస్తే 0.080, 0.061. అంటే మీ ప్రయోగం మొత్తం 0.02 శోషణ తేడా మీద నిలబడింది. ప్లేటు మీద ఒక గీత, ఒక బుడగ, వేలి జిడ్డు చాలు దాన్ని మింగడానికి. పైగా ఇది ఎంజైము గ్లుటమేట్‌ని పూర్తిగా మార్చేసినప్పటి మాట.

అది పూర్తిగా మార్చదు. ఈ ఎంజైముకి ఇష్టమైన దారి గ్లుటమేట్‌ని చేసే దారి, విరిచే దారి కాదు. విరిచేవైపు తోయాలంటే పీహెచ్ 8.6 నుంచి 9 మధ్య ఉంచి, ఏడీపీ 1 మిల్లీమోలార్ వేసి, పుట్టిన కీటోగ్లుటరేట్‌ని హైడ్రజీన్‌తో కట్టేయాలి. సీసా మీద ఇంకొకటి చూడండి: ఎద్దు కాలేయం ఎంజైము చాలాసార్లు అమ్మోనియం సల్ఫేట్‌లో తేలుతూ వస్తుంది. అమ్మోనియం ఈ చర్య ఫలితాల్లో ఒకటి. దాన్ని నేరుగా పోస్తే ఎంజైముని వెనక్కి నడవమని చెప్పినట్టే. గ్లిసరాల్‌లో వచ్చేది కొనండి, లేకపోతే డీసాల్టింగ్ కాలమ్‌లో ఒకసారి దింపండి.

నన్నడిగితే 340 వదిలేసి రెసాజురిన్‌కి మారండి. గ్లుటమేట్ డీహైడ్రోజినేజ్‌తో పాటు డయాఫొరేజ్ వేస్తే, పుట్టిన ఎన్ఏడీహెచ్‌ని అది వెంటనే వాడేసుకుని రెసాజురిన్‌ని గులాబి రంగు రెసొరుఫిన్‌గా మారుస్తుంది. 540 దగ్గర వెలుగు వేసి 590 దగ్గర చదవండి. ఎన్ఏడీహెచ్ పోగుపడదు కాబట్టి చర్య ముందుకే నడుస్తుంది, హైడ్రజీన్ వాసన బాధా తప్పుతుంది. 2 నుంచి 100 మైక్రోమోలార్ దాకా స్టాండర్డ్ గీత ప్రతి ప్లేటులోనూ వేయండి, నీళ్లలో కాదు, అదే అప్‌టేక్ బఫర్‌లో. సోడియం లేని శాంపిళ్లకి సోడియం లేని స్టాండర్డ్. ఉప్పు మారితే ఎంజైము వేగం మారుతుంది.

ఇప్పుడు మీ ఆకు సారం. ఇక్కడ మూడు గోతులున్నాయి. ఆకులో స్వేచ్ఛా అమైనో ఆమ్లాలుంటాయి, వాటిలో గ్లుటమేటూ ఉంటుంది. సారం బఫర్‌లో ఉండగా కొలిస్తే అది మిగిలిన గ్లుటమేట్‌గా లెక్కకొస్తుంది. రెండు, పాలీఫినాల్స్ 340 దగ్గర కాంతిని మింగుతాయి, రెసాజురిన్‌ని ఎంజైము లేకుండానే గులాబి చేస్తాయి. మూడోది చాలామంది చూడరు: ఆకు సారం నిండా పొటాషియం. ఈ ట్రాన్స్‌పోర్టర్ ఒక గ్లుటమేట్‌తో పాటు మూడు సోడియం, ఒక ప్రోటాన్ లోపలికి తెచ్చి, ఒక పొటాషియం బయటికి పంపితేనే ఒక చుట్టు పూర్తవుతుంది. బయట పొటాషియం పెరిగితే ఆ చుట్టు నెమ్మదిస్తుంది, పొర వోల్టేజీ కూడా పడిపోతుంది. అప్పుడు 'సారం అప్‌టేక్‌ని తగ్గించింది' అని రాస్తారు, తగ్గించింది ఉప్పు. మట్టి పరీక్షలు చేసే ఏ ల్యాబులోనైనా ఫ్లేమ్ ఫొటోమీటర్ ఉంటుంది, సారంలో పొటాషియం ఎంతో చూసి, అంతే పొటాషియం క్లోరైడ్ వేసిన వెల్ ఒకటి పక్కన పెట్టుకోండి.

మీరు 24 గంటలు ముందే పెట్టి కడిగేస్తున్నారు కాబట్టి మొదటి రెండూ చాలావరకు తప్పుతాయి. అయినా, సారం పెట్టి కడిగిన, కణాలు లేని వెల్ ఒకటి ఉంచండి. ప్లాస్టిక్‌కి అతుక్కునే రకం పదార్థాలు అందులో బయటపడతాయి.


పెన్న_ఒడ్డు (అనంతపురం)

గండికోట గారూ, కణాలు లేని వెల్స్ అదే పద్ధతిలో కడిగి చూస్తే 87 వచ్చింది. ప్లేటు తూకం తేడా వెల్‌కి 37 మైక్రోలీటర్లు. ఆ 40% మిస్టరీ తేలిపోయింది, ధన్యవాదాలు.

సోడియం లేని బఫర్‌లో వేసినవి: కోలిన్ క్లోరైడ్ 140, పొటాషియం క్లోరైడ్ 5, కాల్షియం క్లోరైడ్ 1, మెగ్నీషియం క్లోరైడ్ 1, గ్లూకోజ్ 10, హెపీస్ 10 మిల్లీమోలార్. పీహెచ్ 7.4కి సోడియం హైడ్రాక్సైడ్‌తో సర్దుతున్నా. కడిగేది కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్‌తో.

నిజమైన ఆస్ట్రోసైట్లకి (మెదడులోని గ్లియా కణాల్లో ఒక రకం) మారితే జీఎల్‌టీ-1 దొరుకుతుందా? జిల్లా దాటి పోతే ట్రీషియం (రేడియోధార్మిక హైడ్రోజన్) వాడుకోనిచ్చే చోటు ఒకటుంది, దానికి ఎట్లా సిద్ధమవ్వాలి?


కొండారెడ్డి_బురుజు (కర్నూలు)

సిస్టమ్ ఎక్స్‌సీ విషయంలో గండికోట చెప్పిందే రైటు, నేను లేబుల్ పద్ధతి తలలో పెట్టుకుని రాశా.

బఫర్‌లో తప్పు మీరే చెప్పేశారు. సోడియం లేని బఫర్‌ని సోడియం హైడ్రాక్సైడ్‌తో సర్దితే అది సోడియం తక్కువున్న బఫర్ అవుతుంది, లేనిది కాదు. ట్రిస్ బేస్‌తో సర్దండి. హెపీస్ సీసా కూడా చూడండి, సోడియం లవణమా, స్వేచ్ఛా ఆమ్లమా అని. ఆమ్లమే కావాలి, లీటరుకి 2.38 గ్రాములు. కోలిన్ క్లోరైడ్ 140 మిల్లీమోలార్ అంటే లీటరుకి 19.55 గ్రాములు. దాని గుణం తెలుసుగా, గాలిలో నీళ్లు తాగుతుంది. వానాకాలం మూత తీసి అటూ ఇటూ తిరిగొచ్చేలోపే గడ్డకడుతుంది. నీళ్లు తాగిన పొడిని తూస్తే తూకం సరిపోతుంది, మోలారిటీ సరిపోదు. ఆస్మోమీటర్ దొరికితే రెండు బఫర్లనీ 300 మిల్లీఆస్మోల్ దగ్గర, ఒకదానికొకటి 5 లోపు తేడాతో సరిచూసుకోండి. కోలిన్ బదులు లిథియం పెట్టొచ్చు కదా అని ఎవరైనా చెబితే వినొద్దు, ఈఏఏసీ1 లిథియంతో కొంతవరకు నడుస్తుంది.

పీహెచ్ ఏ వేడి దగ్గర సర్దారో రాసి పెట్టుకోండి. హెపీస్ ఒక్కో డిగ్రీకి 0.014 కిందికి జారుతుంది. ఏసీ గదిలో 25 దగ్గర 7.4 పెడితే 37 దగ్గర అది 7.23. ఇదే మనూళ్లలో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయాక సర్దితే గదే 38, అప్పుడు సరిగ్గానే ఉంటుంది! తమాషాగా ఉన్నా, ఉదయం చేసిన బఫర్‌కీ మధ్యాహ్నం చేసిన బఫర్‌కీ ఈ తేడా ఉంటుంది. ప్రోటాన్ ఈ ట్రాన్స్‌పోర్టర్ ప్రయాణికుల్లో ఒకటని మరవొద్దు. నేరుగా 37 డిగ్రీల వాటర్ బాత్‌లో బఫర్ పెట్టి సర్దడం తేలిక. ప్రొటోకాల్స్‌లో 'గది వేడి దగ్గర' అని కనబడ్డ ప్రతిచోటా 22–25 అని చదువుకోండి, మన గది అని కాదు.

ఆస్ట్రోసైట్ల కల్చర్‌కి పుట్టి ఒకటి నుంచి మూడు రోజులైన ఎలుక పిల్లల కార్టెక్స్ కావాలి. ముందు మీ సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి, ఆ తర్వాతే మిగతావన్నీ. పది రోజుల నుంచి రెండు వారాల్లో ఫ్లాస్కు నిండుతుంది, ఒక రాత్రంతా షేకర్ మీద ఊపితే మీద కూర్చున్న మైక్రోగ్లియా, ఆలిగోడెండ్రోసైట్ పూర్వకణాలు రాలిపోతాయి. జీఎఫ్ఏపీ (ఆస్ట్రోసైట్లని గుర్తుపట్టే ప్రొటీన్) రంగు వేసి, అది పట్టిన కణాలు 95% పైన ఉంటేనే వాడండి.

అయితే అక్కడా జీఎల్‌టీ-1 సిద్ధంగా దొరకదు. న్యూరాన్ల తోడు లేని ఆస్ట్రోసైట్ కల్చర్‌లో ఎక్కువగా గ్లాస్టే ఉంటుంది. డైబ్యూటిరిల్ సైక్లిక్ ఏఎంపీ 0.25 మిల్లీమోలార్, వారం పది రోజులు పెడితే జీఎల్‌టీ-1 కనబడుతుంది, కణాలు కూడా చదునుగా పరుచుకున్న ఆకారం వదిలి కొమ్మలు వేస్తాయి. ఆ తర్వాత డైహైడ్రోకైనేట్ వేసి చూడండి. గ్లాస్ట్ వాటా తేల్చడానికి దాన్ని మాత్రమే ఆపే యూసీపీహెచ్-101, 10 మైక్రోమోలార్. రెండూ కలిపి ఆపాక మిగిలేది టీబీఓఏతో మిగిలినదానికి దగ్గరగా రావాలి. రాకపోతే ఇంకేదో దారి ఉంది.


గండికోట_గ్లియా (కడప)

ట్రీషియం గురించి. గ్లుటమేట్ బదులు ట్రీషియం వేసిన డీ-ఆస్పార్టేట్ తీసుకోండి. అదే ట్రాన్స్‌పోర్టర్లు దాన్ని మోస్తాయి, కానీ లోపలికి పోయాక గ్లుటమేట్ లాగా గ్లుటమిన్ సింథటేజ్ చేతికి చిక్కి గ్లుటమిన్‌గా మారి బయటికి కారిపోదు. సిస్టమ్ ఎక్స్‌సీ దాన్ని పెద్దగా ముట్టదు. లేబుల్‌తో వచ్చే ఆ మార్పిడి తలనొప్పి, బురుజు అన్న మొదట భయపడ్డది, అట్లా తప్పుతుంది.

తప్పు ఎక్కడ జరుగుతుందో లెక్కతో చూపిస్తా. 10 మైక్రోమోలార్ డీ-ఆస్పార్టేట్, 250 మైక్రోలీటర్లు, 5 నిమిషాలు పెట్టారనుకోండి. వెల్‌లో ఉన్నది మొత్తం 2.5 నానోమోల్. కణాల గరిష్ఠ వేగం నిమిషానికి మిల్లీగ్రాముకి 10 నానోమోల్, కేఎం 20 అయితే 10 మైక్రోమోలార్ దగ్గర నడిచే వేగం 3.3. వెల్‌లో ప్రొటీన్ 0.1 మిల్లీగ్రాము. అదే వేగంతో లాగితే 5 నిమిషాల్లో 1.65 నానోమోల్, పోసిన దాంట్లో మూడింట రెండొంతులు! అంత లాగడానికి వెల్‌లో అంత సరుకు మిగలదు కాబట్టి వేగం మధ్యలోనే పడిపోతుంది. మీరు కొలిచేది ట్రాన్స్‌పోర్టర్ వేగం కాదు, గిన్నె ఖాళీ అయిన వేగం. మంచి వెల్, చెడ్డ వెల్ రెండూ ఒకే అంకె చూపిస్తాయి, సారం పనిచేసినా కనబడదు. ద్రవం 500కి పెంచి 2 నిమిషాలకి కుదిస్తే 5 నానోమోల్‌లో 0.66 పోతుంది, 13%. నిమిషంన్నరకి ఆపితే 10% దగ్గరికొస్తుంది. ముందు ఒక ప్లేటు కేవలం సమయం కోసం తగలేయండి: 1, 2, 3, 5, 10 నిమిషాలు. గీత వంగకుండా తిన్నగా ఉన్నంతవరకే మీది.

కొలతలు: చల్లని (లేబుల్ లేని) డీ-ఆస్పార్టేట్ 10 మైక్రోమోలార్, దాంట్లో లేబుల్ మిల్లీలీటరుకి 0.5 మైక్రోక్యూరీ. 1 మైక్రోక్యూరీ అంటే నిమిషానికి 22.2 లక్షల విచ్ఛిత్తులు. అంటే ఒక్కో పికోమోల్‌కి 111. వెల్‌కి 500 మైక్రోలీటర్లు చొప్పున 24 వెల్స్‌కి 6 మైక్రోక్యూరీలు. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు, ఎక్కువ పోస్తే వ్యర్థం సర్దడమే పెద్ద పని.

ఆపడం ఇక్కడ ఆయువుపట్టు. వెల్‌కి వెల్‌కి 10 సెకన్ల తేడాతో పోయండి, అదే వరసలో, అదే 10 సెకన్ల తేడాతో ఆపండి. ఐసులో పెట్టిన సోడియం లేని బఫర్ 1 మిల్లీలీటరు చొప్పున మూడుసార్లు. చల్లదనం వేగాన్ని చంపుతుంది, సోడియం లేకపోవడం ట్రాన్స్‌పోర్టర్ని ఆపుతుంది. ఇక్కడ చాలామంది ప్లేటుని ఐసు ముక్కల మీద పెట్టి చల్లబడిందనుకుంటారు. ప్లేటు కింద చుట్టూ అంచు ఉంటుంది, వెల్ అడుగు ఐసుకి తగలదు, మధ్యలో గాలి. బయట 40 డిగ్రీలున్నప్పుడు ఆ గాలి పొర ఎంత చల్లగా ఉంటుందో మీరే చెప్పండి. అల్యూమినియం పళ్లెంలో ఐసు పొడి, నీళ్లు కలిపి జావలాగా చేసి, వెల్ అడుగు తడిసేంతవరకు ప్లేటుని అందులో దించండి.

కరిగించడానికి 0.2 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 300 మైక్రోలీటర్లు, అరగంట. అందులో 200 కౌంటింగ్‌కి, 50 ప్రొటీన్‌కి. కౌంటింగ్ వయల్‌లోకి వేసేముందు 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 40 మైక్రోలీటర్లు వేసి క్షారాన్ని చంపండి. చంపకపోతే సింటిలేషన్ ద్రవం తనంతట తానే మెరుస్తుంది, ట్రీషియం లేని వయల్ కూడా వేలల్లో కౌంటు చూపిస్తుంది. ఆ సింటిలేషన్ ద్రవం (కాక్‌టెయిల్) 4 మిల్లీలీటర్లు వేసి బాగా కలిపి చీకట్లో రెండు గంటలైనా ఉంచి అప్పుడు చదవండి. ప్రొటీన్ కొలవడానికి బీసీఏ పద్ధతి, స్టాండర్డ్‌లు కూడా అదే సోడియం హైడ్రాక్సైడ్‌లో.

ట్రీషియం బీటా గరిష్ఠ శక్తి 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే, చేతి జీఎం (గైగర్) కౌంటర్‌కి అసలు తగలదు. బల్ల మీద చిందిందో లేదో తెలియాలంటే తడి ఫిల్టర్ కాగితంతో తుడిచి, ఆ కాగితాన్నే వయల్‌లో వేసి చదవాలి. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లైసెన్స్ ఉన్న గదిలో, వాళ్ల రేడియేషన్ భద్రతాధికారి కళ్లెదుటే చేయండి. సగం ఆయుష్షు 12.3 ఏళ్లు, ఎండబెట్టి మర్చిపోయే రకం కాదు.


నల్లరేగడి (కర్నూలు)

రేడియో ఎందుకు, ఫ్లోరసెంట్ అణువులతో చూడొచ్చుగా? 2-ఎన్‌బీడీజీ ఉంది, సల్ఫోరోడమిన్ 101 ఉంది, ప్లేటు రీడర్‌లోనే అయిపోతుంది.


గండికోట_గ్లియా (కడప)

చూడొచ్చు, కానీ అవి వేరే తలుపులు. 2-ఎన్‌బీడీజీ గ్లూకోజ్ లాంటిది, దాని దారి జీఎల్‌యూటీ1 (గ్లూకోజ్ ట్రాన్స్‌పోర్టర్) అనుకుంటాం. ఆ దారి మూసినా కొన్ని కణాల్లో లోపలికి పోతూనే ఉంటుంది. అందుకే సైటోకలాసిన్ బీ లేదా ఫ్లోరెటిన్ కంట్రోల్ లేని 2-ఎన్‌బీడీజీ బొమ్మని నేను నమ్మను. పైగా దానికి గ్లూకోజ్ లేని బఫర్ కావాలి. గ్లుటమేట్ వెంట వచ్చిన సోడియాన్ని బయటికి తోసే పంపుకి ఏటీపీ కావాలి, అందుకే గ్లుటమేట్ లోపలికి పోతే ఆస్ట్రోసైట్ గ్లూకోజ్ వాడకం పెరుగుతుంది, ఇది 1994 నుంచి తెలిసిన సంగతి. రెండు కొలతలూ ఒకే వెల్‌లో చేస్తే ఒకదాని కాళ్లు ఇంకొకటి తొక్కుతుంది.

సల్ఫోరోడమిన్ 101 మెదడు ముక్కల్లో ఆస్ట్రోసైట్లని గుర్తుపట్టడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది: 1 మైక్రోమోలార్, 34–37 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, తర్వాత కడుగుడు. హిప్పోకాంపస్‌లో దాన్ని లోపలికి తెచ్చేది ఓఏటీపీ1సీ1, థైరాక్సిన్‌ని మోసేది కూడా అదే. మోతాదు పెంచితే న్యూరాన్లు మూర్ఛ వచ్చినట్టు ఉద్రేకపడతాయి, గ్యాప్ జంక్షన్ల గుండా పక్కనున్న ఆలిగోడెండ్రోసైట్లలోకీ పాకుతుంది. గ్లుటమేట్ అప్‌టేక్ ఎంత అన్న ప్రశ్నకి దాని దగ్గర జవాబు లేదు.


పెన్న_ఒడ్డు (అనంతపురం)

అర్థమైంది. ముందు సీ6లోనే 10 మైక్రోమోలార్ గ్లుటమేట్, రెసాజురిన్, టీబీఓఏ, కణాలు లేని వెల్స్‌తో ఒక ప్లేటు వేస్తా. కణాలు లేచిపోయే సంగతి మిగిలింది.


తుంగభద్ర_24వెల్ (కర్నూలు)

10 మైక్రోమోలార్‌కి 30 నిమిషాలు పెట్టొద్దు, గండికోట గిన్నె లెక్క మీకూ వర్తిస్తుంది. 500 మైక్రోలీటర్లు పోస్తే వెల్‌లో ఉన్నది 5 నానోమోలే. మీ కణాలు 100 మైక్రోమోలార్ దగ్గర నిమిషానికి 0.2 నానోమోల్ లాగాయి, 10 దగ్గర అందులో 40% అనుకోండి, 0.08. 10 నిమిషాల్లో 0.8, అప్పటికే 16%. 5–6 నిమిషాలకి ఆపండి. అంత చిన్న తగ్గుదలని మిగులు నుంచి పట్టాలంటే ఒక్కో కంట్రోల్‌కి ఆరేసి వెల్స్ కావాలి, మూడు చాలవు.

కణాలు లేవడానికి మీ పీబీఎసే కారణం. కాల్షియం, మెగ్నీషియం లేని ద్రవంతో రెండుసార్లు కడగడమంటే ట్రిప్సిన్ వేసేముందు చేసే పనే అది, కణాల పట్టు వదిలించడానికే అట్లా కడుగుతాం. అప్‌టేక్ బఫర్‌తోనే కడగండి. ప్లేటుకి ముందే పాలీ-డీ-లైసిన్ పూయండి, మిల్లీలీటరుకి 50 మైక్రోగ్రాములు, 37 దగ్గర గంట, శుభ్రమైన నీళ్లతో రెండుసార్లు కడిగి ఆరబెట్టాలి. కడగకపోతే మిగిలిన పాలీ-లైసిన్ కణాలకే విషం. పోసేటప్పుడు టిప్‌ని గోడకి ఆనించి నెమ్మదిగా, వెల్ నడిమధ్యన ధార పడకుండా. కణాలు మరీ కిక్కిరిసి రెండు రోజులు దాటినా చాపలాగా చుట్టుకుని లేస్తాయి, నిండిన మర్నాడే ప్రయోగం పెట్టుకోండి.